కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను, బరువులు ఎత్తొచ్చా?

రాజమండ్రి నుంచి ఒక టీచరుగారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఆమెకు 54 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతారు, ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉంది. బరువు 68 కిలోలు. ఆరేళ్ళుగా షుగరు, మూడేళ్ళుగా బీపీ, రెండింటికీ మాత్రలు వేసుకుంటున్నారు. ఇంట్లో ఆమె, భర్త, 79 ఏళ్ళ అత్తగారు. ఒక్కతే అమ్మాయి, హైదరాబాద్‌లో ఉద్యోగం.

కథ శ్రావణమాసంలో మొదలైంది. ఒక పొద్దున అత్తగారు బాత్రూమ్‌లో జారి కూలబడ్డారు. దెబ్బ పెద్దగా తగల్లేదు. కానీ ఈవిడ ఎంత ప్రయత్నించినా ఆమెను లేపలేకపోయారు. భర్త వాకింగ్‌కి వెళ్ళి ఉన్నారు. చివరికి గిన్నెలు తోమడానికి వచ్చిన పనమ్మాయి వెనక నుంచి చంకల కింద చేతులు వేసి, ఒక్క ఊపున లేపి స్టూలు మీద కూర్చోబెట్టింది. "అమ్మాయి అని అలవాటుగా అంటున్నాను గానీ నాకంటే ఆరేళ్ళు పెద్దది. అత్తయ్యగారు నా బరువులో ముప్పాతిక కూడా ఉండరు. ఆ రోజు ఆవిడ మీద జాలి కంటే నా గురించి నాకు భయం ఎక్కువ వేసింది" అని రాశారు. అదే నెలలో పేరంటానికి వెళ్ళి చాప మీద కూర్చుంటే, లేచేటప్పుడు పక్కావిడ భుజం పట్టుకోవాల్సి వచ్చింది. ఆవిడ నవ్వుతూనే సాయం చేసింది, ఈవిడకి మాత్రం రెండు రోజులు అదే మనసులో మెదిలింది.

అమ్మాయికి చెబితే వెంటనే దగ్గర్లోని జిమ్‌కి ఏడాది ఫీజు కట్టేసింది. అక్కడి పాతికేళ్ళ ట్రైనరు రెండో రోజే గుంజీళ్ళలాంటివి ఇరవై చొప్పున మూడుసార్లు తీయించాడు. మర్నాటి నుంచి నాలుగు రోజులు మెట్లు దిగలేకపోయారు, కుడి మోకాలు వాచింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, అరుగుదల రెండో గ్రేడులో ఉంది, కింద కూర్చోవద్దు, మెట్లు తగ్గించండి, బరువులు ఎత్తొద్దు అన్నారు. అంతకు ముందే ఒక ఉచిత శిబిరంలో మడమకి మిషన్ పెట్టి చూసి ఎముకలు గుల్లబారుతున్నాయని చెప్పారట. మావారు "నాతో వాకింగ్‌కి రా అంటే రావు, ఈ వయసులో ఆడవాళ్ళకి బరువులేంటి" అంటారు, అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా "మళ్ళీ ఎప్పుడు వెళ్తావమ్మా" అంటుంది, ఎవరి మాట వినను, అసలు ఈ వయసులో బలం వస్తుందా, లేక అత్తయ్యగారి దారిలోనే నేనూ వెళ్ళాలా? ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, నమస్కారం.

ముందు ఒక సంగతి. నేను ఫిజియోథెరపిస్టుని. మీ మోకాలు నేను చూడలేదు, ఎక్స్‌రే కూడా చూడలేదు. కాబట్టి మీ డాక్టరు మాటని కొట్టేసే హక్కు నాకు లేదు. కానీ ఆ మాట దేని గురించో మాత్రం అడగొచ్చు.

మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే ఒకటి గమనించాను. అందులో "బరువు" అన్న మాట అందరి నోటా వచ్చింది, కానీ ఒక్కొక్కరు ఒక్కో దాని గురించి మాట్లాడుతున్నారు. మోకాలు వాచి వచ్చిన మనిషికి డాక్టరు బరువులు ఎత్తొద్దు అన్నప్పుడు, ఆయన కళ్ళ ముందు ఉండేది నడుము వంచి నీళ్ళ క్యాను ఈడ్చే మనిషి, గ్యాస్ బండ దొర్లించే మనిషి. ఆ క్షణానికి ఆ మాట సరైనదే. మీవారు బరువులు అంటే టీవీలో చూసే ఇనుప పళ్ళేలు. అమ్మాయికి మాత్రం అది అమ్మ మళ్ళీ మామూలు మనిషి కావడానికి ఒక దారి. ముగ్గురూ మీ మంచి కోరినవాళ్ళే, అందుకే ఎవరి మాట తీసేయాలో తెలియక మీరు ఊరుకుండిపోయారు.

డాక్టరు దగ్గరికి మరోసారి వెళ్ళి ప్రశ్న మార్చి అడగండి. "బరువులు ఎత్తొచ్చా" అంటే వచ్చే జవాబు "వద్దు". "నా తొడ కండరాలు గట్టిపడాలంటే ఏ వ్యాయామం చేయొచ్చు, ఫిజియోథెరపిస్టుకి చీటీ రాసిస్తారా" అని అడిగితే జవాబు వేరేగా ఉంటుంది. మోకాలి అరుగుదలకి వ్యాయామం, ముఖ్యంగా తొడ ముందు భాగపు కండరాలకి బలం ఇవ్వడం, మొదటి వరుసలో ఉండే వైద్యం. ఆ కండ బలహీనంగా ఉంటే అడుగు వేసిన ప్రతిసారీ దెబ్బ కీలు మీదే పడుతుంది. మోకాలు నొప్పని కదలడం మానేస్తాం, కదలక తొడ సన్నబడుతుంది, తొడ సన్నబడి మోకాలు ఇంకా నొప్పి పెడుతుంది. ఈ గానుగలో తిరిగేవాళ్ళని రోజూ చూస్తుంటాను.

ఇక వాకింగ్. మీవారి అలవాటుని తక్కువ చేయను. గుండెకి, షుగరుకి, నిద్రకి, ఇంట్లో పది నిమిషాల మనశ్శాంతికి కూడా నడక మంచిదే. కానీ ఇరవై ఏళ్ళుగా రోజూ గోదావరి గట్టున నడుస్తూ, పీట మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేవలేని పెద్దమనుషులు నాకు తెలుసు. ఎందుకంటే కండకి బలం రావాలంటే అది అలవాటు పడినదానికంటే కాస్త ఎక్కువ పని దానికి పడాలి. నడక మీ కాళ్ళకి తెలిసిన పని, కొత్తగా అడిగేదేమీ లేదు. పైగా కండలో రెండు రకాల పోగులుంటాయి. నెమ్మదిగా, ఎక్కువ సేపు పనిచేసేవి కొన్ని, చటుక్కున గట్టిగా లాగేవి కొన్ని. వయసుతో ముందు సన్నబడేవి రెండో రకం. తడి గచ్చు మీద కాలు జారినప్పుడు మనిషిని ఆపేవి అవే. నడక వాటిని పెద్దగా తట్టి లేపదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నడకలాంటివాటితో పాటు, పెద్దలందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే వ్యాయామం చేయాలని విడిగా రాసింది ఇందుకే. 65 దాటినవాళ్ళకైతే దానికి తోడు నిలకడకి సంబంధించినవి వారానికి మూడు రోజులు.

ఈ వయసులో వస్తుందా అని అడిగారు. ముప్పై దాటిన దగ్గర్నుంచి పదేళ్ళకి 3 నుంచి 8 శాతం చొప్పున కండ తగ్గుతూ వస్తుంది, అరవై దాటాక ఆ వేగం పెరుగుతుంది. ఇది నిజం. మరో నిజం కూడా ఉంది. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు ఒక వృద్ధాశ్రమంలో పదిమందిని తీసుకున్నారు. వాళ్ళ సగటు వయసు 90. ఎనిమిది వారాల పాటు తొడలకి బరువులతో, అదీ తేలికపాటివి కాదు, గట్టి బరువులతోనే శిక్షణ ఇచ్చారు. చివరిదాకా చేసినవాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టారు. మీరు వాళ్ళకంటే ముప్పై ఆరేళ్ళు చిన్నవారు. అదే పరీక్షలో ఇంకోటి కూడా తేలింది, దాన్ని దాచిపెట్టి ఆశ కల్పించడం న్యాయం కాదు: మానేసిన నాలుగు వారాల్లో వాళ్ళు 32 శాతం బలం పోగొట్టుకున్నారు. అంటే ఇది ఒక కోర్సు వాడి ఆపేసే మందు కాదు. పళ్ళు తోముకోవడంలాంటిది.

"ఆడవాళ్ళకి బరువులేంటి" అన్న మాటకి మాత్రం నేను జవాబు చెప్పను. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కర్ణం మల్లీశ్వరి రెండు విడతల్లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు మీవారు కూడా చప్పట్లు కొట్టే ఉంటారు.

ఆ ట్రైనరు విషయానికొస్తే, కుర్రాడిది చెడ్డ ఉద్దేశం కాదు, మోతాదు తప్పు. కింద కూర్చుని లేవడమే కష్టమైన మనిషి చేత రెండో రోజే అరవై తీయిస్తే మోకాలు వాచకపోతే ఆశ్చర్యం. షుగరు మాత్ర ఒకటి వేసుకోవాల్సిన చోట పది వేసుకుని, షుగరు మాత్రలు పడవు అనుకుంటామా? మీరు అలాగే అనుకున్నారు. జిమ్ నాకు పడదు అని తేల్చేశారు. అప్పటికి పడనిది ఆ రోజు ఆ లెక్క మాత్రమే. లెక్కల టీచరు మీరు, మొదటి పాఠంలోనే త్రికోణమితి చెప్పరు కదా.

మరి ఒకటో తరగతి ఎలా ఉంటుందో చెబుతాను, డాక్టరు సరే అన్నాక.

భోజనాల బల్ల దగ్గర కుర్చీ తీసుకోండి. చక్రాలున్నది, ప్లాస్టిక్‌ది వద్దు. గోడకి ఆనించి పెట్టండి. దాని మీద రెండు దిళ్ళు వేసి ఎత్తు పెంచండి. ముందుకి జరిగి కూర్చుని, పాదాలు మోకాళ్ళకంటే కాస్త వెనక్కి లాగండి. చాలామంది లేవలేకపోయేది ఇక్కడే, పాదాలు ముందుకి చాపి పెట్టి పైకి లేవాలని చూస్తారు. ఇప్పుడు చేతులు గుండెల మీద కట్టుకుని, ముక్కు కాలి వేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకి వంగి, గాలి వదులుతూ లేవండి. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి, దభీమని కూలబడొద్దు. ఆ దిగడంలోనే సగం వ్యాయామం ఉంది. ఎనిమిదిసార్లు. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ ఎనిమిది. అంతే. ఎనిమిదోది అయ్యాక "ఇంకో రెండు చేయగలను" అనిపించాలి. ఇంకో పది చేయగలను అనిపిస్తే తేలికైపోయిందన్నమాట, ఒక దిండు తీసేయండి. రెండు దిళ్ళూ పోయాక గుండెలకి రెండు కిలోల గోధుమపిండి ప్యాకెట్టు హత్తుకుని లేవండి. తర్వాత ఐదు కిలోలది. ఇక్కడికి రావడానికి మూడు నెలలు పట్టినా నాకేం అభ్యంతరం లేదు.

రెండోది బకెట్. జిమ్‌లో ఉండే డంబెళ్ళకంటే నాకు బకెట్ ఇష్టం, ఎందుకంటే నీళ్ళు లీటరంటే కిలో. స్నానాల మగ్గు దాదాపు లీటరు పడుతుంది. బకెట్‌ని పీట మీద పెట్టి, నాలుగు మగ్గుల నీళ్ళు పోయండి. రెండు కాళ్ళూ బకెట్‌కి అటూ ఇటూ పెట్టి నిలబడి, రెండు చేతుల్లో పళ్ళేలు ఉన్నప్పుడు ఫ్రిజ్ తలుపుని వెనక్కి నెట్టి మూస్తామే, అలా పిరుదులు వెనక్కి నెడుతూ వంగండి. వీపు బల్లలా ఉండాలి, గూనిలా కాదు. పిడి పట్టుకుని, గాలి వదులుతూ నిలబడండి. మళ్ళీ అలాగే దించండి. ఎనిమిది, ఆగి ఎనిమిది. వారానికి ఒక మగ్గు పెంచండి. నడుము పట్టేసినట్టు ఉంటే రెండు మగ్గులు తగ్గించి, అద్దం ముందు నిలబడి వీపు చూసుకోండి. మీ అత్తగారిని లేపడానికి ఆ రోజు మీకు లేనిది చేతుల బలం అనుకుంటున్నారు. మనిషి నేల మీద నుంచి ఏదైనా ఎత్తేది తుంటి దగ్గర బలంతో.

మూడోది వంటింటి గట్టు. గట్టు అంచు మీద చేతులు పెట్టి, కాళ్ళు వెనక్కి జరిపి, ఛాతీని గట్టు దాకా తెచ్చి వెనక్కి తోయడం. గట్టు కష్టమైతే గోడతో మొదలుపెట్టండి. నాలుగోది పాలు పొంగడానికి కాచుక్కూర్చునే సమయంలో అయిపోతుంది: గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి నెమ్మదిగా దిగడం పదిసార్లు, తర్వాత ఒంటికాలి మీద పది అంకెలు. పాలు పొంగిపోతే నన్నడగొద్దు.

ఇవన్నీ కలిపి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ. మీరు ఐదింటికి లేచి క్యారేజీలు కట్టి, అత్తగారికి స్నానం చేయించి ఏడున్నరకి బస్సు ఎక్కుతానన్నారు. అంత బతుకులో రోజూ గంట అని చెప్పేవాళ్ళు మీ ఇంటికి ఎప్పుడూ రాలేదని అర్థం. ఆదివారం, బుధవారం చాలు.

నొప్పి గురించి ఒక కొలత పెట్టుకోండి. చేసేటప్పుడు మోకాల్లో కొంచెం నొప్పి ఉన్నా మర్నాటి పొద్దుటికి మామూలైపోతే కొనసాగించొచ్చు. మర్నాడు ముందురోజుకంటే ఎక్కువగా ఉన్నా, వాచినా ఆ వారం సగానికి తగ్గించండి, పూర్తిగా మానొద్దు. మోకాలు బిగుసుకుపోయి కదలకపోయినా, ఎర్రగా వేడిగా అయినా, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి వచ్చినా మాత్రం డాక్టరు దగ్గరికి. తొడల్లో, పిరుదుల్లో రెండు రోజులు ఉండే సలుపు వేరు, అది పని జరిగినదానికి గుర్తు. మీరు మొదటిసారి ఆ రెండూ ఒకేసారి చూశారు, అందుకే భయపడ్డారు.

బీపీ ఉంది కాబట్టి ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, ఆ క్షణంలో బీపీ బాగా పెరుగుతుంది. గాలి వదులుతూ అని రెండుసార్లు అన్నది అందుకే. 180/110 దాటి ఉన్న రోజున అసలు మొదలుపెట్టకండి. ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపేసి డాక్టరుకి చూపించుకోవాలి. మీరు వేసుకునే షుగరు మాత్ర పేరు రాయలేదు. ఒక్క మెట్‌ఫార్మిన్ అయితే షుగరు పడిపోయే భయం చాలా తక్కువ. గ్లిమిపిరైడ్ కలిసినదైతే ఖాళీ కడుపుతో చేయకండి, పక్కన కాస్త చక్కెర పెట్టుకోండి. తిన్న అన్నంలోని చక్కెరలో పెద్ద భాగాన్ని లాక్కునేది కండరాలే, కాబట్టి కొన్ని నెలల్లో షుగరు రిపోర్టు మీవారికి మీకంటే బాగా సమాధానం చెప్పొచ్చు. కానీ మాత్రలు మీ అంతట మీరు తగ్గించుకోవద్దు.

ఆ మడమ మిషన్‌ని మాత్రం మర్చిపోండి. శిబిరాల్లో పెట్టేది ప్రాథమికంగా వడకట్టే పరీక్ష, దాంతో ఎముకలు గుల్లబారాయని తేల్చరు. ముట్లు ఆగి నాలుగేళ్ళయిందని రాశారు, ఎముక వేగంగా తరిగేది ఆ తొలి ఏళ్ళలోనే. అనుమానం ఉంటే తుంటికి, నడుముకి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించుకోండి. అందులో నిజంగా తక్కువ వస్తే? వ్యాయామం మానాలా అంటే, దాదాపు తిరగబడ్డ జవాబు చెప్పాలి. ఆస్ట్రేలియాలో ఎముకల సాంద్రత తగ్గిన, ముట్లు ఆగిన 101 మంది ఆడవాళ్ళతో ఒక పరీక్ష చేశారు, ఫలితాలు 2018లో వచ్చాయి. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు. గట్టి బరువులు ఎత్తిన జట్టులో నడుము ఎముక సాంద్రత పెరిగింది, ఇంట్లో తేలికపాటివి చేసినవాళ్ళలో తగ్గింది. అయితే వాళ్ళు ప్రతిసారీ నిపుణుల కళ్ళ ముందే చేశారు, బరువులు కూడా మెల్లగానే పెంచారు. స్కాన్‌లో తక్కువ వస్తే మీరు బకెట్‌తో ఒంటరిగా మొదలుపెట్టకండి, ముందు డాక్టరుకి, ఆ తర్వాత ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి.

ఇక మీ ముందున్న దారులు. ఇంట్లోనే చేసుకోవడం ఒకటి. ఖర్చు లేదు, మొహమాటం లేదు. కానీ చూసేవాళ్ళు ఉండరు, వీపు వంగినా చెప్పేవాళ్ళుండరు, చుట్టాలొస్తే మొదట మానేసేది దీన్నే. రెండోది, ముందు ఫిజియోథెరపిస్టు దగ్గర ఐదారుసార్లు నేర్చుకుని తర్వాత ఇంట్లో. మీ మోకాలు ఉన్న స్థితికి నాకు నచ్చేది ఇదే, కొంత ఖర్చవుతుంది, స్కూలు అయ్యాక వెళ్ళే ఓపిక వెతుక్కోవాలి. అక్కడ పడుకోబెట్టి కరెంటు పెట్టి, వేడి కాపడం పెట్టి పంపించేస్తుంటే మాత్రం డబ్బులు వృథా. "నాకు బలం పెరిగే వ్యాయామం నేర్పండి" అని నోరు తెరిచి అడగండి. మూడోది అదే జిమ్‌కి తిరిగి వెళ్ళడం. మధ్యాహ్నాలు, సెలవు రోజుల్లో ఖాళీగా ఉంటుంది. వెళ్తే ట్రైనరుతో ముందే మాట్లాడండి: నాకు షుగరు, బీపీ, మోకాలు ఉన్నాయి, మొదటి నెల వారానికి రెండు రోజులే, ఎక్కడ ఆపాలో నేను చెబుతాను అని. వింటే కొనసాగండి, "నొప్పి వస్తేనే కండ వస్తుంది మేడమ్" అంటే ఆ ఫీజు పోయిందనుకోండి. అమ్మాయికి నచ్చజెప్పడం మోకాలికి నచ్చజెప్పడం కంటే తేలిక. నాలుగోది ఇప్పుడున్నట్టే ఉండటం. అదీ ఒక దారే, చాలామంది తెలియకుండానే దాన్ని ఎంచుకుంటారు. దాని ఫలితం మీరు రోజూ పొద్దున్నే స్నానం చేయిస్తూ చూస్తున్నారు.

తిండి గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. మన భారతీయ వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క కిలో శరీర బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్. మీకు 56 గ్రాములు. మీరు రాసిన ప్రకారం పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, మజ్జిగ, రాత్రి రెండు చపాతీలు, ఆదివారం కోడికూర. పప్పు తింటున్నాం కదా అంటారు. ఇంట్లో ముగ్గురికీ కలిపి వేసే కందిపప్పు ఎంతో చూడండి. మీ వంతుకి పాతిక గ్రాములు వస్తే అందులో ప్రొటీన్ ఐదున్నర గ్రాములు. ఇడ్లీ బదులు వారానికి మూడు రోజులు పెసరట్టు వేసుకోండి, 50 గ్రాముల పెసలు పన్నెండు గ్రాములు ఇస్తాయి. గుడ్డు ఆరు గ్రాములు. మజ్జిగ నీళ్ళు ఎక్కువ, పెరుగే గట్టిగా కప్పు తినండి. మీల్‌మేకర్ పాతిక గ్రాములు కూరలో వేస్తే పదమూడు గ్రాములు. కార్తీకమాసంలో కోడి, గుడ్డు మానేస్తే ఇది గుర్తుంచుకోండి. డబ్బాల్లో వచ్చే పొడులు మీకు అవసరమని నేననుకోను. ఒక్క జాగ్రత్త, ఆరేళ్ళ షుగరు కాబట్టి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకుని, కిడ్నీలు బాగున్నాయని తేలాకే ప్రొటీన్ పెంచండి.

మీ అత్తగారి దగ్గరికి వద్దాం. ఆమె గురించి రాస్తూ "కాలు కింద పెట్టనివ్వం, అన్నీ మంచం దగ్గరికే" అన్నారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని బాగా చూసుకోవడం అంటే ఇదే. "నువ్వు కూర్చో అత్తయ్యా, నేను తెస్తాను." అందులో ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు. కానీ ఆమె తొడలకి వినిపించేది "ఇక నీతో పని లేదు" అనే. మంచినీళ్ళ గ్లాసు కోసం లేవడం ఆమెకున్న ఏకైక వ్యాయామం, అది కూడా మనం లాగేసుకున్నాం. బోస్టన్ ముసలివాళ్ళు ఈమెకంటే పదకొండేళ్ళు పెద్దవాళ్ళు. మీరు కుర్చీ పని చేసే బుధ, ఆదివారాల్లో ఆమెని పక్కన చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించుకునే లేవమనండి, మీరు ఎదురుగా ఉండండి. మూడుసార్లతో మొదలు. ముందు ఆమె డాక్టరుని ఒక్క మాట అడగండి, బాత్రూమ్ గోడకి ఇనుప కడ్డీ ఈ వారమే వేయించండి.

ఇంకోసారి పడితే లేపడానికి తొందరపడొద్దు. ముందు ఆమె కాలు కదపగలరా చూడండి. తుంటి దగ్గర విపరీతంగా నొప్పి అన్నా, ఒక కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్టు కనిపించినా కదపకుండా 108కి ఫోన్ చేయండి. అవేవీ లేకపోతే ఆమెనే లేవనివ్వాలి: పక్కకి తిరిగి, మోచెయ్యి ఆనించి, మోకాళ్ళ మీదికి వచ్చి, మీరు ఎదురుగా పెట్టిన స్టూలు మీద చేతులు వేసి, ఒక పాదం ముందుకి పెట్టి లేవడం. మీ పని స్టూలు కదలకుండా పట్టుకోవడం, వెనక ఇంకో కుర్చీ జరపడం. చంకల కింద చేతులు వేసి లాగితే ఆమె భుజం జారొచ్చు, మీ నడుము పట్టొచ్చు. కాబట్టి ఆ రోజు లేపలేకపోయానని సిగ్గుపడుతున్నారే, లేపకపోవడమే మంచిదైంది.

మీవారితో వాదన పెట్టుకోకండి. ఆయన వాకింగ్‌కి మీరు వారంలో రెండు రోజులు వెళ్ళండి, మీ కుర్చీకి ఆయన రెండు రోజులు రావాలని ఒప్పందం చేసుకోండి. రాకపోతే, ఈసారి 26 కిలోల బియ్యం బస్తా వచ్చినప్పుడు డెలివరీ కుర్రాడిని గుమ్మం దగ్గరే పంపించేసి, లోపల పెట్టమని ఆయన్ని అడగండి. బస్తా ముందు నిలబడ్డాక మనిషి ఆలోచన మారుతుంది. అయితే ఆయన్ని నడుము వంచి లాగనివ్వకండి, నేను ఇంకో ఉత్తరానికి జవాబు రాయలేను.

మొదలుపెట్టే ముందు ఒక కొలత తీసుకోండి. వాపు పూర్తిగా తగ్గాక, దిళ్ళు లేని కుర్చీ మీద చేతులు కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టుకున్న గీత 12 సెకన్లు. అంతకు మించితే కాళ్ళు బలహీనపడుతున్నట్టు. ఐదుసార్లు లేవలేకపోతే ఎన్నిసార్లు లేచారో అది రాయండి. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే ఆ తేదీ గడిలో రాసి, మళ్ళీ ఆరు వారాల తర్వాత అదే కుర్చీ మీద చూసుకోండి. మొదటి నెలలో అద్దంలో ఏమీ కనిపించదు. బలం మాత్రం ముందే వస్తుంది, ఎందుకంటే ఉన్న కండనే మెదడు సరిగ్గా వాడుకోవడం నేర్చుకుంటుంది.

చివరగా మీ పనమ్మాయి. ఆమెని చూసి మీకు అసూయ కలిగిందని అర్థమైంది. రోజంతా వంగి లేచే పని ఆమెకి బలం ఇచ్చింది, నిజమే. కానీ అది మోతాదు చూసి ఇచ్చింది కాదు, మధ్యలో ఖాళీ రోజు ఉండదు, తిండి సరిపోదు, వీపు ఎలా ఉందో చెప్పేవాళ్ళు లేరు. అరవై ఏళ్ళ వయసులో అలాంటివాళ్ళు నా దగ్గరికి వచ్చేసరికి నడుము అరిగిపోయి, మందుల షాపులో కొనుక్కున్న నొప్పి మాత్రలతో కడుపు పాడై వస్తారు. నాకు ఉత్తరం కూడా రాయరు. రేపు వచ్చినప్పుడు ఒకసారి కూర్చోబెట్టి, నడుము నొప్పి ఉందా, ఏ మాత్ర వేసుకుంటున్నావు అని అడగండి. ఉందంటే, ఎప్పటి నుంచో, ఏ మాత్రో రాసి పంపండి. ఆమెకి విడిగా జవాబు రాస్తాను.